ఇరుకు క్యాబినెట్లలో స్క్రూలు: హెడ్లు మార్చుకునే 12 వోల్టుల డ్రిల్లు కొనాలా, యాంగిల్ అడాప్టరు చాలా?

బెజవాడ_ఫిట్టర్

అందరికీ నమస్కారం. మాడ్యులర్ కిచెన్ ఫిట్టింగ్ పని. బాక్సులన్నీ 18 మి.మీ. ప్లైవుడ్. ఇబ్బంది పెడుతున్నవి రెండు చోట్లు. ఒకటి, పొయ్యి పక్కన పెట్టే 150 మి.మీ. బాటిల్ పులవుట్ (సీసాలు పెట్టి బయటికి లాగే సన్న అర) బాక్సు. రెండు పక్కల పలకలు పోతే లోపల మిగిలేది 114 మి.మీ. మాత్రమే. చానెల్ (డ్రాయరు జారే పట్టా) ప్లేటు స్క్రూలు పక్క పలకకి అడ్డంగా దిగాలి, మామూలు డ్రిల్లు అందులో తిరగదు. రెండోది పై వరస బాక్సుల్లో సీలింగ్ మూలకి ఆనుకుని వచ్చే స్క్రూలు. మూల నుంచి 15 మి.మీ. దూరంలో వస్తున్నాయి, మిషన్ బాడీ గోడకి తగిలి స్క్రూ వాలుగా దిగుతోంది.

బాష్ జీఎస్ఆర్ 12వీ-15 ఎఫ్‌సీ లాంటి నాలుగు హెడ్ల (మిషన్ ముందు మార్చి తగిలించే మూతులు) సెట్టు తీసుకోవాలా, లేక కొన్ని వందల్లో దొరికే యాంగిల్ అడాప్టరు (బిట్టుని అడ్డంగా తిప్పే ముక్క) నా దగ్గరున్న డ్రిల్లుకే తగిలిస్తే సరిపోతుందా? 12 వోల్టులకి టార్క్ (తిప్పే బలం) చాలదని షాపులో అంటున్నారు, 18 వోల్టులదే తీసుకోమంటున్నారు.

టేకుమొద్దు

టార్క్ సంగతి తర్వాత చూద్దాం. ఇరుకు చోట పని అవుతుందా లేదా అన్నది తేల్చేది కొలతలు. ముందు టేపు తీయండి.

మీ 114 మి.మీ. లెక్కే తీసుకుందాం. యాంగిల్ హెడ్డు (బిట్టుని అడ్డంగా తిప్పేది) వీపు నుంచి బిట్టు పట్టే మూతి దాకా ఎంతుందో కొలవాలి. 60 మి.మీ. వచ్చిందనుకోండి. అందులో 25 మి.మీ. పొట్టి బిట్టు పెడితే దాదాపు 12 లోపలికి పోయి 13 బయటికి ఉంటుంది. ప్లేటుకి వాడేది 4×16 స్క్రూ (4 మి.మీ. లావు, 16 పొడవు), బిట్టు మొన దాని తలలోకి 2 మి.మీ. దిగుతుంది కాబట్టి 14 కలపాలి. 60, 13, 14 కలిపితే 87. వెనక ఇంకా 27 మి.మీ. ఖాళీ, రెండు వేళ్లు దూరుతాయి. అదే హెడ్డులో 50 మి.మీ. బిట్టు పెట్టండి: 60, 38, 14 కలిపి 112. మిగిలింది 2 మి.మీ. ప్లేటు మందం కూడా పోతే అదీ ఉండదు, స్క్రూ మొన ఆనించడమే కుదరదు. మిషన్ అదే, హెడ్డు అదే, తేడా అంతా బిట్టుది.

షాపుకి వెళ్లినప్పుడు టార్క్ అడిగే ముందు ఆ హెడ్డు చేతిలోకి తీసుకుని ఈ ఒక్క కొలత చూసుకోండి. పెట్టె మీద ఇది ఎప్పుడూ సరిగ్గా రాయరు. హెడ్డులో చక్ బిగించి కొలిచిన పొడవు రాస్తే అది మీకు అక్కరకు రాదు.

రెండో చోటు గురించి. మామూలు 12 వోల్టుల డ్రిల్లు బాడీ వెడల్పు 55–60 మి.మీ. ఉంటుంది, అంటే బిట్టు మధ్య గీత నుంచి అంచుకి 28–30. మీ స్క్రూ 15 దగ్గరుంది. ఆఫ్‌సెట్ హెడ్డులో (బిట్టుని పక్క అంచుకి జరిపేది) ఈ అంచు దూరం సుమారు 10 మి.మీ. కాబట్టి మూల నుంచి 10–30 మధ్య వచ్చే స్క్రూలన్నీ ఆఫ్‌సెట్ హెడ్డుకి పుట్టిన పనులే. యాంగిల్ హెడ్డు అక్కడ అక్కర్లేదు.

మిషన్_రిపేరు

టేకుమొద్దు గారు చెప్పిన కొలతలకి తోడు, టార్క్ విషయంలో షాపువాళ్లు చూపించే అంకె ఏదో అర్థం చేసుకోండి. ఒకే మిషన్‌కి రెండు టార్క్ అంకెలుంటాయి. హార్డ్ టార్క్ అంటే ఇనుములో బోల్టు చివరికి వచ్చి ఠక్కున ఆగినప్పటిది. సాఫ్ట్ టార్క్ అంటే చెక్కలో స్క్రూ దిగుతూ ఉన్నప్పటిది. 12వీ-15 ఎఫ్‌సీకి హార్డ్ 30, సాఫ్ట్ 15 న్యూటన్ మీటర్లు. 12వీ-35 ఎఫ్‌సీ బ్రష్‌లెస్, దానికి 35, 20. ప్లైవుడ్ పనికి చూడాల్సింది రెండో అంకె. 4×16, 4×35 స్క్రూలకి 15 న్యూటన్ మీటర్లు మిగిలిపోతాయి. పైలట్ రంధ్రం (స్క్రూకి ముందు కొట్టే సన్న రంధ్రం) కొట్టి 7×50 కన్ఫర్మాట్ (పలకలు కలిపే లావు స్క్రూ) కూడా దింపొచ్చు.

ఇక 12, 10.8 అన్న అంకెల గొడవ. లోపల ఉండేవి 3.6 వోల్టుల లిథియం సెల్లులు మూడు, మామూలు లెక్కలో 10.8. నిండా చార్జ్ అయినప్పుడు సెల్లు 4.2, మూడూ కలిపి 12.6. అందుకే 12 అని రాస్తున్నారు. బాష్‌లో పాత 10.8 బ్యాటరీలు, కొత్త 12 బ్యాటరీలు ఒకే కుటుంబం, ఒకదానిలో ఒకటి పడతాయి. కానీ హెడ్లు అలా కాదు. 12 వోల్టుల మిషన్ హెడ్ల పేర్లు జీఎఫ్ఏ 12తో మొదలవుతాయి, 18 వోల్టులవి జీఎఫ్ఏ 18తో. ఒకటి ఇంకోదానికి పట్టదు. ఈ వ్యవస్థలోకి దిగే ముందు ఏ వోల్టేజీలో ఉండిపోతారో తేల్చుకోండి.

18 వోల్టులది ఇరుకు పనికి బరువు, బాడీ కూడా లావు. కిచెన్ ఫిట్టింగ్‌కి 12 తీసుకోవడమే నా సలహా.

కొత్త_వడ్రంగి

అన్నా, నా దగ్గర ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది. దానికే యాంగిల్ అడాప్టరు పెడితే? టార్క్ కూడా ఎక్కువ కదా.

మిషన్_రిపేరు

వద్దు తమ్ముడూ. అడాప్టరు లోపల రెండు చిన్న బెవెల్ (ఏటవాలు పళ్ల) గేర్లుంటాయి, వాటి పళ్లు సన్నగా ఉంటాయి. ఇంపాక్ట్ డ్రైవర్ తిప్పడమే కాదు, స్క్రూ బిగిసే కొద్దీ లోపల సుత్తి దెబ్బలు వేస్తుంది. ఆ దెబ్బలన్నీ ఆ పళ్ల మీద పడతాయి. మొదట గర్రుమని చప్పుడు, ఆ తర్వాత ఒక పన్ను విరిగి గేర్ల మధ్యలో ఇరుక్కుంటుంది, అంతటితో అడాప్టరు చెత్తలోకి. ఇంపాక్ట్‌కి పనికొస్తుందని అడాప్టరు మీదే రాసి ఉంటే తప్ప దానికి తగిలించకూడదు. మామూలు డ్రిల్లుకి పెట్టినా క్లచ్ (బలం పరిమితి దాటితే తిప్పడం ఆపేసే రింగు) తక్కువ నంబర్లో ఉంచాలి.

ఇంకో తేడా. అడాప్టరు బాడీకి లాక్ అవ్వదు. చక్‌లో దాని కాడ మాత్రమే పడుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే అడాప్టరు మొత్తం తిరగాలని చూస్తుంది, దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. 114 మి.మీ. సందులో ఆ రెండో చెయ్యి ఎక్కడ పెడతారు? హెడ్లు మార్చే మిషన్లో హెడ్డు నేరుగా గేర్‌బాక్సు మూతికి పళ్లతో లాక్ అవుతుంది, కావలసిన దిక్కుకి తిప్పి నిలపొచ్చు. డబ్బు పెట్టేది ఆ లాక్ కోసమే.

పొడవు కూడా చూడండి. డ్రిల్లు, చక్, అందులో అడాప్టరు కాడ, ఆ తర్వాత అడాప్టరు తల. ఇంత పొడుగు అయ్యాక మిషన్ పిడి బాక్సు బయటికి వస్తుంది, పట్టుకోవడం కష్టం. బాటిల్ పులవుట్ వరకు లోతు ఉంది కాబట్టి ఎలాగో సాగుతుంది. సింకు కింద అయితే సాగదు.

కాకినాడ_చెక్కపని

అడాప్టరుని అంత తీసిపారేయకండి. ఏడాదికి ఒకటి రెండు కిచెన్లు బిగించేవాళ్లకి నాలుగు హెడ్ల సెట్టు దండగ ఖర్చు. మంచి అడాప్టరుకి పక్కన పట్టుకోవడానికి చిన్న పిడి వస్తుంది, అది ఉన్నది ఎంచుకుంటే చాలు. రోజూ ఇదే పని అయితే మాత్రం సెట్టే.

ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ జోలికి మాత్రం పోవద్దు. వంగే తీగ లోపల స్ప్రింగులా మెలిపడుతుంది. స్క్రూ బిగిసే చివరి చుట్టు దగ్గర ఆ మెలి ఒక్కసారిగా విడిచి బిట్టు తలలోంచి ఎగిరిపోతుంది, లామినేట్ మీద గీత పడుతుంది. స్క్రూ ముందే వదులుగా తిరిగే చోట మాత్రమే పనికొస్తుంది.

బెజవాడ అన్నకి ఇంకో మాట. సీలింగ్ మూల స్క్రూకి ముందున్న లోతు ఖాళీగా ఉంటే 150 మి.మీ. పొడుగు బిట్టుతో ప్రయత్నించండి. బాడీ 30, స్క్రూ 15 అంటే 15 మి.మీ. పక్కకి జరగాలి. బిట్టు 50 మి.మీ. బయటికి ఉంటే అది దాదాపు 17 డిగ్రీల వాలు, బిట్టు తలలోంచి జారి స్క్రూ తల అరిగిపోతుంది. 150 మి.మీ. బిట్టు 140 బయటికి ఉంటే వాలు 6 డిగ్రీలే. ఆ మాత్రం వాలుకి స్క్రూ తల పాడవదు.

టేకుమొద్దు

6 డిగ్రీల లెక్క సరైనదే, కానీ అది రెండు పలకలు కలిపే స్క్రూకి మాత్రమే. ప్లేటు స్క్రూకి వద్దు. కౌంటర్‌సంక్ (కింద శంకువులా ఉండే) తల ప్లేటు గుంటలో సరిగా కూర్చోకపోతే ఒక అంచు పైకి లేస్తుంది, డ్రాయరు నడిచేటప్పుడు అది చానెల్ బేరింగులకి తగులుతుంది. డ్రాయరు టకటకమంటోందని కస్టమర్ పిలిచినప్పుడు చానెల్ మార్చేముందు ఆ స్క్రూ తలల మీద వేలితో తడిమి చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

వైరింగ్_వరంగల్

కరెంటు పని వైపు నుంచి రెండు మాటలు. ఫాల్స్ సీలింగ్ చానెల్ మీద, గోడకీ దూలానికీ మధ్య ఎంసీబీ బాక్సు బిగించేటప్పుడు ఆఫ్‌సెట్ హెడ్డు బాగా పనికొస్తుంది. కానీ ఈ హెడ్లు ఏవీ ఇన్సులేటెడ్ కావు, లోపలంతా లోహమే. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే బాక్సులో పెట్టాలి.

ఎంసీబీ టెర్మినల్ స్క్రూలు డ్రిల్లుతో బిగించకండి, క్లచ్ 1లో ఉన్నా సరే. వాటికి కావలసింది మామూలుగా 2 నుంచి 3.5 న్యూటన్ మీటర్లు, ఎంసీబీ పక్కనే ముద్రించి ఉంటుంది. డ్రిల్లు క్లచ్ నంబర్లు న్యూటన్ మీటర్లు కావు. ఎక్కువైతే టెర్మినల్ మర పోతుంది, తక్కువైతే లూజు కాంటాక్టు, వేడెక్కి ప్లాస్టిక్ కాలుతుంది. టార్క్ స్క్రూడ్రైవరే సరైన పనిముట్టు.

ఇవి హామర్ డ్రిల్లులు కావు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏఏసీ (తేలికపాటి సిమెంటు) బ్లాకు గోడలో మామూలు తిప్పుడుతోనే రంధ్రం పడుతుంది. ఆర్‌సీసీ దూలంలో పడదు, బిట్టు మొన ఎర్రబడి మొద్దుబారుతుంది. బాష్ 12వీ-35 ఎఫ్‌సీకి జీఎఫ్ఏ 12-హెచ్ అని ఎస్‌డీఎస్ (గాడి కాడ బిట్లు పట్టే) హామర్ హెడ్డు ఉంది, అది చిన్న రావల్ ప్లగ్గు రంధ్రాల వరకే. శ్లాబులో వరసగా యాంకర్లు కొట్టాలంటే వేరే ఎస్‌డీఎస్ మిషన్ తెచ్చుకోవలసిందే.

బెజవాడ_ఫిట్టర్

కొలతల లెక్క బాగా అర్థమైంది, ధన్యవాదాలు. రెండు సందేహాలు. పొట్టి బిట్టు పెడితే యాంగిల్ హెడ్డులోంచి జారి కింద పడిపోతోందని ఒకరు చెప్పారు. ఎందుకు? ఇంకోటి, 114 మి.మీ.లో పైలట్ రంధ్రం ఎలా కొట్టాలి? డ్రిల్ బిట్టు అంత పొట్టిగా ఉండదు కదా.

టేకుమొద్దు

బిట్టు కాడలు రెండు రకాలు. 25 మి.మీ. పొట్టి బిట్టు కాడకి ఆరు అంచుల మీద చిన్న నొక్కులుంటాయి, దాన్ని సీ 6.3 అంటారు. 50 మి.మీ. బిట్టు కాడ చుట్టూ ఒక గాడి ఉంటుంది, దాన్ని ఈ (ఇంగ్లీషు అక్షరం E) 6.3 అంటారు. కాలర్ వెనక్కి లాగి పెట్టే లాకింగ్ హోల్డర్‌లో చిన్న గుండు ఉంటుంది, అది ఆ గాడిలో కూర్చోవాలి. పొట్టి బిట్టుకి గాడి లేదు, గుండుకి పట్టు దొరకదు. అందుకే స్క్రూ తలలోంచి వెనక్కి లాగినప్పుడు బిట్టు అక్కడే ఉండిపోతుంది. అయస్కాంతం ఉన్న హోల్డర్ అయితే పొట్టి బిట్టు నిలుస్తుంది. కొనేటప్పుడు ఒక 25 మి.మీ. బిట్టు జేబులో వేసుకెళ్లి, హెడ్డులో పెట్టి, తలకిందులు చేసి ఊపి చూడండి.

ఎఫ్‌సీ మిషన్లో హెడ్డు పూర్తిగా తీసేస్తే బాడీ మూతిలోనే పావు అంగుళం హెక్స్ రంధ్రం, అయస్కాంతంతో ఉంటుంది. బిట్టు నేరుగా అందులో పెట్టొచ్చు. చక్‌తో పోలిస్తే మూడు నాలుగు సెంటీమీటర్లు కలిసొస్తాయి. 300 మి.మీ. బాక్సులో లోపలి వెడల్పు 264. అక్కడ యాంగిల్ హెడ్డే వద్దు, ఉత్త బాడీ, పొట్టి బిట్టు చాలు. నేరుగా వెళ్లగలిగిన చోట నేరుగానే వెళ్లండి, పట్టు బాగుంటుంది.

పైలట్ సంగతి. మామూలు 3 మి.మీ. హెచ్ఎస్ఎస్ బిట్టు పొడవు 61 మి.మీ., 2.5ది 57. స్టబ్ బిట్లు అని అడిగితే 3 మి.మీ.ది 46, 2.5ది 43 దొరుకుతుంది. కానీ ఇవన్నీ గుండ్రటి కాడవి, పట్టడానికి చక్ కావాలి, యాంగిల్ హెడ్డు మీద చక్ పెడితే 114లో ఇమడదు. హెక్స్ కాడతో వచ్చే పొట్టి డ్రిల్ బిట్టు తీసుకోండి, అది హెడ్డులో నేరుగా పడుతుంది. 4 మి.మీ. స్క్రూకి ప్లైవుడ్‌లో 2.5 నుంచి 3 పైలట్ సరిపోతుంది. లోతు 10–12 చాలు, బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

అసలైన దారి ఏమిటంటే బాక్సు బిగించకముందే, పలకలు బల్ల మీద పడుకోబెట్టి ఉండగానే ప్లేటు పెట్టి పైలట్లు కొట్టేయడం. ముందంచు నుంచి 37 మి.మీ. గీత, దాని మీద 32 మి.మీ.కి ఒకటి చొప్పున రంధ్రాల వరస, హింజ్ ప్లేట్లకీ చాలా చానెళ్లకీ ఇదే లెక్క. కొలత బల్ల మీద తప్పు పోదు, సందులో పోతుంది. అప్పుడు ఇరుకులో మిగిలేది స్క్రూ తిప్పడం ఒక్కటే.

మిషన్_రిపేరు

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. యాంగిల్ హెడ్డుతో తిప్పేటప్పుడు నొక్కే బలం ఎక్కడి నుంచి వస్తుంది? నేరు డ్రిల్లులో అరచెయ్యి వెనక నుంచి నొక్కుతుంది. యాంగిల్‌లో పిడిని నొక్కితే హెడ్డు పక్కకి జారుతుంది తప్ప స్క్రూ మీద బరువు పడదు. హెడ్డు వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కాలి. పై లెక్కలో మిగిలిన 27 మి.మీ. ఇందుకే కావాలి. వేలు దూరకపోతే హెడ్డు వీపుకీ ఎదుటి పలకకీ మధ్య ప్లైవుడ్ ముక్క పెట్టి మొదటి నాలుగైదు మర చుట్లు దింపండి, స్క్రూ లోపలికి వెళ్లే కొద్దీ ముక్క వదులవుతుంది, అప్పటికి మర పట్టుకుని ఉంటుంది కాబట్టి తనే దిగుతుంది.

పెద్ద కంపెనీల హింజ్, చానెల్ స్క్రూల తలలు ఎక్కువగా పీజెడ్2 (పోజిడ్రైవ్). బయట దొరికే నల్ల జిప్సం స్క్రూలు పీహెచ్2 (ఫిలిప్స్, మామూలు ప్లస్). ప్లస్ గుర్తు మధ్యలో ఇంకో నాలుగు సన్న గీతలుంటే అది పీజెడ్. దానిలో పీహెచ్ బిట్టు పెడితే బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, టార్క్ పడగానే ఎక్కి జారుతుంది. నేరు డ్రిల్లులో గట్టిగా నొక్కి నెట్టుకురావచ్చు. యాంగిల్‌లో నొక్కే బలం సగం కూడా ఉండదు, అక్కడ ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

సెట్టింగ్: గేరు 1, క్లచ్ 3 లేదా 4తో మొదలుపెట్టి వృథా ముక్క మీద చూసుకుని తల ప్లేటుకి సమంగా కూర్చునే దాకా పెంచండి. క్లచ్ బాడీలో ఉంటుంది, హెడ్డు దాని తర్వాత వస్తుంది. గేర్ల రాపిడిలో కొంత పోతుంది కాబట్టి నేరుగా పెట్టిన నంబరు యాంగిల్‌లో ఒకటి రెండు ఎక్కువ కావాలి. గేరు మార్చేది మిషన్ పూర్తిగా ఆగాకే.

డల్లాస్_గరాజ్

ఇక్కడ అమెరికాలో మిల్వాకీ ఎం12 ఇన్‌స్టలేషన్ డ్రిల్లు, డీవాల్ట్ డీసీడీ703 కూడా ఇదే పద్ధతి, నాలుగేసి హెడ్లు. ఫెస్టూల్ సీఎక్స్ఎస్‌కి యాంగిల్ హెడ్డు వేరుగా వస్తుంది. ఇండియాకి వచ్చేటప్పుడు చుట్టాలతో తెప్పించుకుందామనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి: ఇక్కడి చార్జర్లు 120 వోల్టులవి. అక్కడి 230లో పెడితే కాలిపోతుంది. అదే బ్యాటరీ కుటుంబానికి 230 వోల్టుల చార్జర్ అక్కడ దొరుకుతుందని తేల్చుకున్నాకే తెప్పించండి. మిషన్ నుంచి తీసిన బ్యాటరీలు చెకిన్ సామానులో వేయకూడదు, చేతి బ్యాగులోనే. 12 వోల్టుల 2 ఆంపియర్ అవర్ బ్యాటరీ 21.6 వాట్ అవర్, విమానం వాళ్ల 100 పరిమితికి చాలా లోపే.

కొత్త_వడ్రంగి

యాంగిల్ హెడ్డుతో 35 మి.మీ. హింజ్ కప్పు (హింజ్ కూర్చునే గుండ్రటి గుంట) కొట్టొచ్చా అన్నా? బిగించేసిన తలుపుకి.

మిషన్_రిపేరు

కొట్టకండి. 35 మి.మీ. ఫోర్స్‌నర్ (చదును అడుగు గుంట కొట్టే) బిట్టు అంచు పొరలో ఇరుక్కుంటే ఆ కుదుపంతా బెవెల్ గేరు మీద పడుతుంది. విరిగి వచ్చే హెడ్లలో చాలావాటి కథ ఇదే. పైగా బిట్టు నిటారుగా లేకపోతే కప్పు అడుగు వాలుగా పడి తలుపు అవతలి లామినేట్‌లోంచి మొన బయటికి వస్తుంది. తలుపు దించి, బల్ల మీద పెట్టి, నేరు చక్‌తో, గేరు 1లో కొట్టు. లోతు హింజ్‌ని బట్టి 11.5 నుంచి 13, అంతకు మించొద్దు.

హెడ్డు సంరక్షణ ఒక్క ముక్క: మార్చేటప్పుడు తిరుగుడు దిక్కు బటన్ మధ్యలో పెట్టి ట్రిగ్గర్ లాక్ చేయి. క్లిక్ మన్నాక ఒకసారి లాగి చూడు. కలిసే రింగు మీద రంపం పొడి ఉంటే సగమే కూర్చుంటుంది, పొడి గుడ్డతో తుడువు. నూనె స్ప్రే లోపలికి కొట్టొద్దు, అది గ్రీజుని కడిగేస్తుంది. గ్రీజు పోయాక గేర్లు ఎంతో కాలం ఉండవు.

బెజవాడ_ఫిట్టర్

12 వోల్టుల ఎఫ్‌సీ సెట్టే తీసుకుంటున్నాను, హెక్స్ కాడ డ్రిల్ బిట్లు, పీజెడ్2 పొట్టి బిట్లు వేరుగా. చివరి ప్రశ్న: ఇప్పటికే బిగించిన బాటిల్ పులవుట్‌లో పాత స్క్రూలు 4×30. 16 పెట్టాల్సిన చోట పెద్దవి వేశారు, మొనలు పక్క బాక్సులోకి పొడుచుకొచ్చాయి. ఇదే హెడ్డుతో తీయొచ్చా?

టేకుమొద్దు

లెక్క వేసి చూడండి. తీసేటప్పుడు స్క్రూ బయటికి వస్తూ హెడ్డుని వెనక్కి నెడుతుంది. బిగించి ఉండగా 60, 13 కలిపి 73, అందులో బిట్టు దిగిన 2 తీసేస్తే 71. స్క్రూ పూర్తిగా 30 బయటికి వస్తే 101. 114లో 13 మి.మీ. మిగులుతుంది, వేలు దూరదు. అందుకని మొదటి సగం హెడ్డుతో రివర్సులో, గేరు 1లో వెనక్కి తేవాలి. తల 15 మి.మీ. పైకి లేచాక మిషన్ పక్కన పెట్టి సన్న ప్లయర్‌తో పట్టుకుని చేత్తో తిప్పేయండి. పలకలోంచి దాటి వెళ్లిన మొనలు అవతలి బాక్సులో సామానుకి తగులుతుంటాయి కాబట్టి, మొదలుపెట్టేముందు అటువైపు ఖాళీ చేసి చేతులు పెట్టకుండా చూసుకోండి. తీసిన రంధ్రం వదులుగా ఉంటే అగ్గిపుల్లలు ఇరికించకుండా, టేకు పుల్ల చెక్కి ఫెవికాల్‌తో కొట్టి, ఆరాక 2.5 పైలట్ వేసి 4×16 దింపండి.